వాల్టర్ టల్‌కు విగ్రహం పెట్టిన్రు.. మెడల్ మాత్రం ఇయ్యలె

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూసే పోరగాళ్లకు టోటెన్‌హామ్ హాట్‌స్పర్ అంటే ఏందో చెప్పాల్సిన పనిలేదు. ఇయ్యాల ఆ టీమ్‌ను నల్లజాతి ఆటగాళ్లు లేకుండ ఊహించుకోలేం. 1909ల మాత్రం ఆ తెల్ల జెర్సీ ఏసుకొని గ్రౌండ్‌ల దిగిన నల్లజాతి ఆటగాడు ఒక్కడే. ఆయన పేరు వాల్టర్ టల్. తాత బానిస. నాయిన వడ్ల పని చేసేటోడు. తాను అనాథాశ్రమంల పెరిగి, ప్రింటింగ్ పని నేర్చుకొని, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడయిండు. ఆఖరికి బ్రిటిష్ ఆర్మీల ఆఫీసర్ అయి తెల్ల సోల్జర్లను ముందుండి నడిపించిండు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌ల యుద్ధంల పానం ఇడిచిండు. ఇంకో నెల బతికితే 30 ఏండ్లు నిండేటియి.

ఇప్పుడు ఇంగ్లండ్‌ల ఆయన పేరు మీద రోడ్డు ఉన్నది, విగ్రహం ఉన్నది, నాణెం ఉన్నది. బడి పిల్లలకు ఆయన కథ చెప్తరు. ఇన్ని ఉన్నా, ఆయన బతికున్నప్పుడే రావాల్సిన మిలిటరీ మెడల్ మాత్రం వందేండ్లు దాటినా రాలె. పొగుడుడు వేరు, బాకీ తీర్చుడు వేరు. ఈ రెండింటి నడుమ తేడా తెల్వాలంటే వాల్టర్ బతుకును మొదటి సంది చూడాలె.

చెరుకు తోటల నుంచి సముద్రం దాటి..

వాల్టర్ 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండ్ దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఫోక్‌స్టన్ ఊర్ల పుట్టిండు. నాయిన డానియల్ టల్‌ది కరీబియన్ దీవి బార్బడోస్. అప్పట్ల బార్బడోస్ అంటే చెరుకు తోటలే. ఆఫ్రికా నుంచి గొలుసులేసి పట్టుకొచ్చిన మనుషుల రెక్కల కష్టంతోని బ్రిటిష్ దొరలు ఆ తోటలు నడిపిన్రు, చక్కెర అమ్మి కోట్లు కూడబెట్టుకున్నరు. డానియల్ తండ్రి అక్కడ బానిసగా బతికినోడే. 1830లల్ల బానిసత్వం రద్దయింది. కానీ భూములు దొరల చేతులనే ఉండిపోయినయ్. పేరుకు స్వేచ్ఛ వచ్చినా పొట్ట నింపుకునేందుకు మళ్ల అదే తోటల కూలికి పోవాల్సి వచ్చింది.

డానియల్ ఆ దారిల పోలె. వడ్ల పని చేతిల పట్టుకొని 1876ల ఇంగ్లండ్ చేరిండు. ఫోక్‌స్టన్‌ల పని దొరికింది. కెంట్ ప్రాంతానికే చెందిన ఆలిస్ పామర్ అనే తెల్లజాతి పిల్లను పెండ్లి చేసుకున్నడు. పిల్లలు పుట్టిన్రు, సంసారం కుదురుకుంటున్నది. అంతలనే 1895ల ఆలిస్ క్యాన్సర్‌తోని చనిపోయింది. వాల్టర్‌కు అప్పుడు ఏడేండ్లు. పిల్లల్ని చూసుకునేటందుకు డానియల్ ఆలిస్ చుట్టాల పిల్ల క్లారాను చేసుకున్నడు. 1897 డిసెంబర్‌ల డానియల్ కూడా గుండె జబ్బుతోని పోయిండు.

క్లారా మీద ఇంటెడు పిల్లల భారం పడ్డది. అందుల ఒకరు తన సొంత చంటిబిడ్డ. సంపాదించే మనిషి లేడు. సర్కార్ పింఛన్ అన్న మాటే లేని రోజులు. పెద్దోళ్లు పనికి ఆసరైతరు, ఆడపిల్లలు ఇంట్ల ఆసరైతరు అనుకున్నరు. నడిమిట్ల ఉన్న ఎడ్వర్డ్‌ను, వాల్టర్‌ను అనాథాశ్రమంల ఏసుడు తప్పలె. 1898ల అన్నదమ్ములిద్దరు లండన్ తూర్పు దిక్కున, పేదోళ్లు ఎక్కువుండే బెత్నాల్ గ్రీన్‌ల మెథడిస్ట్ చర్చోళ్లు నడిపే అనాథాశ్రమంల చేరిన్రు. వాల్టర్‌కు పదేండ్లు కూడా నిండలె.

ఆశ్రమంల ఒక పాటల బృందం ఉండె. చందాల కోసం ఊరూరు తిరిగి పాడేది. ఎడ్వర్డ్ గొంతు బాగుండేది. అట్ల పాడేటందుకు పోయినప్పుడు గ్లాస్గోల వార్నాక్ అనే కుటుంబం కండ్లల్ల పడ్డడు. 1900ల వాళ్లు ఎడ్వర్డ్‌ను దత్తత తీసుకున్నరు. ఎడ్వర్డ్ పెద్దయినంక పండ్ల డాక్టర్ అయిండు. బ్రిటన్‌ల పండ్ల డాక్టర్‌గా పనిచేసిన తొలితరం నల్లజాతి మనుషుల్ల ఆయన ఒకడు. అన్నకు ఇల్లు దొరికింది. తమ్ముడు మాత్రం ఆశ్రమంలనే ఉండిపోయిండు. తల్లి పోయి, తండ్రి పోయి, ఆఖరికి పక్కన పండుకునే అన్న గూడ దూరమైనంక ఆ పిల్లగానికి మిగిలింది ఫుట్‌బాలే.

నాలుగు పౌండ్ల జీతం, నలుగురిల అవమానం

ఆశ్రమంల వాల్టర్‌కు ప్రింటింగ్ పని నేర్పిన్రు. పనైనంక ఆశ్రమం టీమ్‌ల ఆడేటోడు. 1908ల క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్బు ఆయనను తీసుకున్నది. అమెచ్యూర్ అంటే జీతం లేని ఆట. ఒక్క సీజన్‌లనే ఆ టీమ్ మూడు కప్పులు గెల్చింది. అందుల ఇంగ్లండ్ మొత్తానికి పెద్దదైన ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్పు గూడ ఉన్నది. వాల్టర్ పేరు పేపర్లల్ల రావట్టింది.

1909ల టోటెన్‌హామ్ కబురు పెట్టింది. ఆ ఏడే ఆ క్లబ్బు మొదటిసారి ఫస్ట్ డివిజన్‌కు ఎక్కింది. ముందుగాల అర్జెంటీనా, ఉరుగ్వే టూర్‌కు తీసుకపోయి చూసిన్రు. నచ్చిండు. సంతకం పెట్టినందుకు 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్ల జీతం. అప్పటి రూల్ ప్రకారం ఏ ఫుట్‌బాల్ ఆటగానికైనా ఇంతకంటే ఎక్కువ ఇయ్యొద్దు. అంటే ఇయ్యాల్సిన దాంట్ల పెద్ద మొత్తమే ఇచ్చిన్రు. ఆయన కంటే ముందు గోల్‌కీపర్ ఆర్థర్ వార్టన్ లాంటి ఒకరిద్దరు నల్లజాతి ఆటగాళ్లు ఇంగ్లండ్ లీగ్‌ల ఆడిన్రు. అయినా టాప్ డివిజన్‌ల ఫార్వర్డ్‌గా ఒక నల్లజాతి యువకుడు కనిపించుడు అప్పటి జనానికి కొత్తే.

సెప్టెంబర్‌ల సీజన్ మొదలైంది. సండర్లాండ్ మీద, ఆ తర్వాత సొంత గ్రౌండ్‌ల మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆడిండు. బాల్ మీద పట్టు బాగుండె, తొందరపాటు లేకుండె. పేపర్లోళ్లు మెచ్చుకున్నరు. అక్టోబర్‌ల టీమ్ బ్రిస్టల్ సిటీతోని ఆడెటందుకు బ్రిస్టల్ పోయింది. ఆ ఊరి సంపదకు బానిసల వ్యాపారంతోని ఉన్న సంబంధం చరిత్రల రాసే ఉన్నది. ఆ రోజు జనంల ఒక గుంపు వాల్టర్ రంగు మీద నోటికొచ్చిన బూతులు తిట్టింది. చేపల మార్కెట్‌ల గూడ ఇనిపించని తిట్లు అవి అని ఆ మ్యాచ్ చూసిన విలేకరి రాసిండు. గ్రౌండ్ మీద ఉన్నోళ్లల్ల మంచి ఆటగాడు టల్లేనని, ఆయన ఆట తీరు చూసి తెల్ల ఆటగాళ్లు గూడ నేర్చుకోవాలని గూడ రాసిండు.

ఇక్కడ ఆగి ఒకటి అడగాలె. తిట్టినోళ్ల మీద ఏం చర్య తీసుకున్నరు? ఏం తీసుకోలె. కొన్ని దినాలకు వాల్టర్‌నే ఫస్ట్ టీమ్ నుంచి తీసి రిజర్వ్ టీమ్‌ల కూసోబెట్టిన్రు. క్లబ్బు పెద్దలు ఏమనుకున్నరో వాళ్లకే తెల్వాలె. కానీ బాగ ఆడుతున్న ఆటగాడు ఒక్కసారిగ పక్కకు పోయిండన్నది మాత్రం నిజం. రెండు సీజన్లల్ల మొత్తం 10 లీగ్ మ్యాచ్‌లు ఆడిండు, 2 గోల్స్ కొట్టిండు. అంతే. టోటెన్‌హామ్ కథ అక్కడికి ఒడిసింది. తిన్న తిట్లకు ఆయన తిట్టుతోని జవాబు చెప్పినట్టు ఎక్కడా లేదు. అది మంచితనమే. కానీ తిట్టించుకున్నోడే ఓపిక పట్టాలె, తిట్టినోడు టికెట్ కొనుక్కొని మళ్ల వచ్చి కూసుంటడు అన్నది న్యాయం కాదు గదా.

నార్తాంప్టన్‌ల దొరికిన ఇల్లు

1911ల హెర్బర్ట్ చాప్‌మన్ ఆయనను నార్తాంప్టన్ టౌన్‌కు తీసుకపోయిండు. తర్వాత్తర్వాత హడర్స్‌ఫీల్డ్‌ను, ఆర్సెనల్‌ను ఇంగ్లండ్ ఛాంపియన్లు చేసిన మేనేజర్ ఈయనే. అప్పటికి నార్తాంప్టన్ సదరన్ లీగ్‌ల ఆడే చిన్న టీమ్. వాల్టర్‌ను ఎక్కడ ఆడించాలెనో చాప్‌మన్‌కు తెల్సింది. ముందట్ల కాకుండ వింగ్ హాఫ్‌గా పెట్టిండు. అంటే అవతలి టీమ్ దాడి ఆపి, బాల్ గుంజుకొని, ముందటోళ్లకు అందించే జాగ. గోల్స్ లెక్క తక్కువుంటది, చెమట లెక్క ఎక్కువుంటది.

వాల్టర్ ఆ పనిల కుదురుకున్నడు. మూడేండ్లల్ల 111 ఫస్ట్ టీమ్ మ్యాచ్‌లు ఆడి 9 గోల్స్ కొట్టిండు. ఊరి జనం ఆయనను తమోడనుకున్నరు. బూట్లు కుట్టే ఫ్యాక్టరీల ఊరు అది. శనివారం మధ్యాహ్నం పని ఇడిచిపెట్టంగనే కార్మికులు గ్రౌండ్‌కు వచ్చేటోళ్లు. అనాథాశ్రమం నుంచి వచ్చిన మనిషికి మొదటిసారి ఒక ఊరు దొరికింది. అప్పుడే యుద్ధం మొదలైంది.

బాల్ ఇడిచి బందూక్ పట్టిన్రు

1914 ఆగస్టుల బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంల దిగింది. లీగ్ మ్యాచ్‌లు మాత్రం ఆగలె. పోరగాళ్లు కందకాలల్ల చస్తుంటే వీళ్లు పైసలు తీసుకొని ఆడుతున్నరని పేపర్లు, పెద్దమనుషులు ఫుట్‌బాల్ మీద దుమ్మెత్తి పోసిన్రు. ఆటగాళ్లకు క్లబ్బులతోని కాంట్రాక్ట్ ఉన్నది, మధ్యల ఇడిచిపోతే జీతం పోతది అన్న సంగతి ఎవరు ఆలోచించలె. క్రికెట్, రగ్బీ ఎక్కువగ ఉన్నోళ్ల ఆటలు. ఫుట్‌బాల్ కార్మికుల ఆట. నింద దాని మీదనే ఎక్కువ పడ్డది.

ఆఖరికి 1914 డిసెంబర్ 15న లండన్‌ల ఫుల్హామ్ టౌన్‌హాల్‌ల మీటింగ్ పెట్టి ఫుట్‌బాల్ ఆటగాళ్లకే ఒక బెటాలియన్ మొదలుపెట్టిన్రు. అదే మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్. అందరు ఫుట్‌బాల్ బెటాలియన్ అన్నరు. ఆటగాళ్లతోని పాటు వాళ్ల అభిమానులు గూడ చేరిన్రు. నార్తాంప్టన్ టీమ్ నుంచి మొదట చేరింది వాల్టర్ టల్. ఆ డిసెంబర్‌లనే పేరు రాయించుకున్నడు.

ఈ బెటాలియన్‌ల చేరినోళ్లల్ల మస్తుమంది తిరిగి రాలె. క్లాప్టన్ ఓరియంట్ క్లబ్బు ఆటగాళ్లు విలియం జోనస్, జార్జ్ స్కాట్, రిచర్డ్ మెక్‌ఫాడెన్ ముగ్గురు 1916ల సొమ్ యుద్ధంల పడి చనిపోయిన్రు. వేరే రెజిమెంట్లల్ల చేరినోళ్ల కథ గూడ ఇంతే. ఇంగ్లండ్ టీమ్‌కు ఆడిన ఎవెలిన్ లింటాట్ 1916 జులై 1న, సొమ్ యుద్ధం మొదటి రోజే చనిపోయిండు. బ్రాడ్‌ఫర్డ్ పార్క్ ఎవెన్యూ ఆటగాడు డొనాల్డ్ బెల్ జులై 5న ఒక మెషిన్ గన్‌ను పేల్చేసి, అయిదు దినాలకే జులై 10న చనిపోయిండు. ఆయనకు బ్రిటన్‌ల అన్నిటికంటే పెద్ద మెడల్ విక్టోరియా క్రాస్ ఇచ్చిన్రు. ఎడిన్‌బరోల హార్ట్స్ క్లబ్బు నుంచి 16 మంది చేరితే 7 మంది తిరిగి రాలె. ఆడుకుంట బతుకుదామనుకున్న కార్మికుల పిల్లలే వీళ్లంత.

వాల్టర్ 1915 నవంబర్‌ల ఫ్రాన్స్ పోయిండు. మోకాళ్ల లోతు బురద, ఎలుకలు, పేన్లు, రాత్రింబవళ్లు ఫిరంగుల మోత. 1916 మే నెలల ఆయన మనసు చెదిరింది. డాక్టర్లు అక్యూట్ మేనియా అని రాసి ఇంగ్లండ్ పంపిన్రు. ఇప్పుడైతే యుద్ధంతోని మనసుకు తాకిన దెబ్బ అంటం. అప్పుడైతే చానామంది పిరికితనమనే అన్నరు. ఈ సంగతిని దాచాల్సిన పనిలేదు. వీరుల కథలల్ల భయం, జబ్బు తీసేసి చెప్తే మనిషి మాయమై బొమ్మ మిగుల్తది. వాల్టర్ ఆస్పత్రిల ఉండి, కోలుకొని, అదే ఏడు సెప్టెంబర్‌ల మళ్ల ఫ్రాన్స్ పోయిండు. ఏం చూడబోతున్నడో తెల్సుకొని పోయిండు. తెల్వక పోవుడు వేరు, తెల్సి పోవుడు వేరు. ఆ చలికాలం సొమ్ కందకాలల్ల ఉండి, డిసెంబర్‌ల జ్వరం పట్టి మళ్ల ఇంగ్లండ్ వచ్చిండు.

రూల్ బుక్కుల లేని ఆఫీసర్

అప్పటికే ఆయన సార్జెంట్ దాక ఎదిగిండు. పై ఆఫీసర్లు ఆయన పేరును ఆఫీసర్ ట్రైనింగ్‌కు పంపిన్రు. సొమ్ యుద్ధంల పిల్ల ఆఫీసర్లు లెక్కలేనంతమంది చనిపోయిన్రు. కాలేజీల చదివిన పెద్దింటి పోరగాళ్లు దొరుకుడు తగ్గింది. కింద నుంచి వచ్చినోళ్లకు తలుపు కొంచెం తెరుచుకున్నది.

కానీ నల్లజాతోళ్లకు ఆ తలుపు రూల్ ప్రకారం మూసే ఉన్నది. 1914 నాటి మిలిటరీ చట్టాల పుస్తకం రంగున్న మనిషి సోల్జర్‌గా చేరొచ్చు గానీ, ఆఫీసర్‌గా ఆర్డర్ ఇచ్చే హోదాల ఉండొద్దని చెప్పింది. ఆఫీసర్ కావాలంటే పూర్తిగ యూరప్ వంశంల పుట్టినోడై ఉండాలె. తెల్ల సోల్జర్ నల్ల ఆఫీసర్‌కు సెల్యూట్ కొట్టడు, మాట ఇనడు అన్నది దాని ఎనుక ఉన్న ఆలోచన.

ఆ రూల్ ఉండంగనే వాల్టర్ టల్ స్కాట్లండ్‌ల గెయిల్స్ క్యాంప్‌ల ట్రైనింగ్ పూర్తి చేసిండు. 1917 మే నెలల సెకండ్ లెఫ్టినెంట్ అయిండు. బ్రిటిష్ ఆర్మీల మొట్టమొదటి నల్లజాతి ఆఫీసర్ ఆయనే అని చానా కాలం రాసిన్రు. ఆయన కంటే ముందే ఒకరిద్దరు ఆఫ్రికా మూలాలున్నోళ్లు ఆఫీసర్లు అయిన్రని తర్వాత బయటపడ్డది. మొదటోడా రెండోవోడా అన్న పంచాయితీ పక్కకు పెడుదాం. రూల్ కాదన్నది, పక్కన నిలబడి కొట్లాడినోళ్లు అవునన్నరు. అసలు సంగతి అది.

ఈ రూల్ ఒక్క కరీబియన్ మూలాలున్నోళ్ల మీదనే కాదు, మన మీద గూడ ఉండె. ఆ యుద్ధంల పది లక్షలకు పైగా ఇండియా సోల్జర్లు సముద్రాలు దాటి పోయిన్రు. మన హైదరాబాద్ లాన్సర్స్ పాలస్తీనా వైపు పోయిన్రు. ఢిల్లీల తీన్‌మూర్తి కాడ నిలబడ్డ మూడు విగ్రహాలల్ల ఒకటి వాళ్లదే. అప్పటి ఇండియన్ ఆర్మీల సుబేదార్ ఇరవై ఏండ్ల సర్వీస్ చేసినా, నిన్న మొన్న వచ్చిన తెల్ల పిల్ల ఆఫీసర్ కిందనే ఉండాలె. ఇండియన్లకు రాజు కమిషన్ ఇచ్చుడు 1917 ఆగస్టుల మొదలైంది, అది గూడ ఏళ్ల మీద లెక్కపెట్టేటంత మందికే. వాల్టర్ ఆఫీసర్ అయింది దానికి మూడు నెలల ముందు.

ఆయన తండ్రి పుట్టిన బార్బడోస్ నుంచి, చుట్టుపక్కల దీవుల నుంచి గూడ వేలమంది వచ్చి బ్రిటిష్ వెస్టిండీస్ రెజిమెంట్‌ల చేరిన్రు. ఫ్రాన్స్‌ల వాళ్లతోని ఎక్కువగ గుండ్లు మోపించిన్రు, కందకాలు తవ్వించిన్రు. యుద్ధం ఒడిసినంక ఇటలీల టరాంటో కాడ తెల్ల సోల్జర్ల పాకీ దొడ్లు గూడ కడుగుమన్నరు. జీతం పెంపు వీళ్లకు ఇయ్యలె. 1918 డిసెంబర్‌ల వాళ్లు తిరగబడ్డరు. ఒక వాల్టర్‌ను పైకి రానిచ్చిన ఆర్మీ, వేలమందిని ఎట్ల చూసిందో తెల్వాలంటే టరాంటోను గూడ గుర్తు పెట్టుకోవాలె.

పియావే నది దాటిన రాత్రి

ఆఫీసర్ అయినంక వాల్టర్‌ను మిడిల్‌సెక్స్ 23వ బెటాలియన్‌ల ఏసిన్రు. ఇది రెండో ఫుట్‌బాల్ బెటాలియన్. 1917 ఎండాకాలం, ఆ తర్వాత బెల్జియంల మెసీన్స్, పాషెండేల్ యుద్ధాలు చూసిండు. చలికాలం మొదలైనంక ఇటలీకి పంపిన్రు. అక్కడ ఆస్ట్రియా, జర్మనీ సైన్యాలు ఇటలీ లైన్లను ఇరగ్గొట్టి పియావే నది దాక వచ్చినయ్. నదికి ఒక దిక్కు వీళ్లు, ఇంకో దిక్కు వాళ్లు.

1918 జనవరి మొదట్ల ఒక రాత్రి నది దాటి శత్రువు మీద దాడి చేయాలని ఆర్డర్ వచ్చింది. గడ్డకట్టే చలి, వేగంగ పారే నీళ్లు. ముందుగ నది దాటినోళ్లల్ల వాల్టర్ ఒకడు. దాడి చేసేటోళ్లకు కాపు కాసే 26 మందిని ఆయనే తీసుకపోయిండు. అవతల నుంచి గుండ్ల వాన కురుస్తున్నా, పని పూర్తి చేసి అందర్ని ఎనుకకు తెచ్చిండు. ఒక్కరికి గూడ దెబ్బ తాకలె. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ ఆయన ధైర్యాన్ని, నిబ్బరాన్ని మెచ్చుకుంట రాసిండు. తెల్ల సోల్జర్లు నల్ల ఆఫీసర్ మాట ఇనరన్న రూల్‌కు ఆ 26 మందే జవాబు.

ఫావ్రోయ్ కాడ ఆఖరి రోజు

1918 మార్చిల వాల్టర్ బెటాలియన్ మళ్ల ఫ్రాన్స్ వచ్చింది. మార్చి 21న జర్మనీ పెద్ద దాడి మొదలుపెట్టింది. రష్యా యుద్ధం నుంచి తప్పుకునుడుతోని ఖాళీ అయిన సైన్యాన్నంత ఇటే తెచ్చింది. బ్రిటిష్ లైన్లు ఇరిగినయ్. మార్చి 25న బపోమ్ దగ్గర్లున్న ఫావ్రోయ్ అనే ఊరు కాడ ఎనుకకు జరుగుతున్నప్పుడు వాల్టర్‌కు గుండు తాకి పడిపోయిండు.

అక్కడున్న సోల్జర్లల్ల టామ్ బిల్లింగ్‌హామ్ ఒకడు. యుద్ధానికి ముందు లెస్టర్ ఫాస్ క్లబ్బుకు గోల్‌కీపర్. కాల్పుల నడుమనే వాల్టర్‌ను ఎనుకకు గుంజుకొచ్చేటందుకు చూసిండు. చాతగాలె. జర్మన్లు దగ్గరికి రావట్టిన్రు, ఇడిచిపెట్టక తప్పలె. ఆ శవం మళ్ల దొరకలె. సమాధి లేదు. ఫ్రాన్స్‌ల అరాస్ స్మారకం గోడ మీద, సమాధి లేని దాదాపు 35 వేలమంది పేర్ల నడుమ ఆయన పేరున్నది. ఇంటి పెద్దన్న విలియం గూడ రాయల్ ఇంజనీర్స్‌ల పనిచేసి వచ్చి 1920ల చనిపోయిండు.

బ్రిస్టల్‌ల తిట్టింది ఎవరో పేరు లేని గుంపు. పానం పణంగ పెట్టి శవం కోసం ఉరికింది ఒక తెల్ల గోల్‌కీపర్. రెండు గూడ ఇంగ్లండే. అందుకే ఒక జాతి మొత్తాన్ని తిట్టుడు కుదరది, ఒక మంచి మనిషిని చూపెట్టి అన్యాయాన్ని కప్పిపెట్టుడు గూడ కుదరది. వాల్టర్ చనిపోయిన ఏడాదికే, 1919ల, లివర్‌పూల్, కార్డిఫ్ లాంటి ఓడరేవు ఊర్లల్ల నల్లజాతోళ్ల మీద గుంపులు దాడులు చేసినయ్. యుద్ధంల పనికొచ్చిన మనుషులు శాంతి రాంగనే పరాయోళ్లు అయిన్రు.

ఫైల్ లేదంటే సరిపోతదా?

వాల్టర్ చనిపోయినంక బెటాలియన్‌ల పనిచేసే పికార్డ్ అనే ఆఫీసర్ గ్లాస్గోల ఉన్న ఎడ్వర్డ్‌కు ఉత్తరం రాసిండు. వాల్టర్‌ను అందరు ఎంత ఇష్టపడేటోళ్లో చెప్పిండు. మిలిటరీ క్రాస్ మెడల్‌కు ఆయన పేరు సిఫారసు అయిందని, ఆ మెడల్‌కు ఆయన అన్ని తీర్ల తగినోడని రాసిండు. మెడల్ మాత్రం రాలె. ఎనుకట ఆయనను మర్చిపోయిన్రు. దశాబ్దాల తర్వాత చరిత్రకారులు ఆయన కాయితాలు తవ్వి తీసినంకనే లోకానికి తెల్సింది. నార్తాంప్టన్‌ల 1999ల స్మారకం కట్టిన్రు, 2017ల విగ్రహం పెట్టిన్రు. రాయల్ మింట్ ఆయన బొమ్మతోని 5 పౌండ్ల నాణెం తీసింది. మెడల్ ఇయ్యుమని ఎంపీలు అడిగిన్రు, జనం సంతకాలు చేసిన్రు. సిఫారసు కాయితం ఫైల్‌ల లేదన్నది సర్కార్ జవాబు.

సిఫారసు ఎందుకు ముందుకు పోలేదో చెప్పే కాయితం ఏదీ లేదు. కానీ ఒకటి ఆలోచించాలె. రూల్ ప్రకారం ఉండొద్దన్న ఆఫీసర్‌కు మెడల్ ఇస్తే, ఆ రూల్ తప్పని ఒప్పుకున్నట్టే. ఫీల్డ్ మీద ఉన్నోళ్లు రూల్ పక్కకు పెట్టినంత అల్కగ ఆఫీసుల కూసున్నోళ్లు పెట్టలేరు. అది మనకు తెల్వని ముచ్చట గాదు. కాయితం దొరకలేదన్న జవాబు ఇని ఆఫీసు మెట్లు దిగిన పేదోళ్లు మన మండలాల్ల గూడ ఎంతమందో ఉన్నరు. కాయితం ఎవరి చేతుల ఉంటదో, దాన్ని పోగొట్టేది గూడ వాళ్లే.

ఇంకో ప్రమాదం గూడ ఉన్నది. వాల్టర్ కథను కొందరు ఎట్ల చెప్తరంటే, చూసిన్రా, ఓపికతోని కష్టపడితే ఎవరైనా పైకి రావొచ్చు అన్నట్టు చెప్తరు. ఇది వాల్టర్‌కు చేసే ఇంకో అన్యాయం. తెల్ల పోరగాడు ఆఫీసర్ కావాలంటే ట్రైనింగ్ పాసైతే చాలు. వాల్టర్ తల్లిదండ్రుల్ని పోగొట్టుకొని, గుంపు తిట్లు తిని, మనసు చెదిరి కోలుకొని, మళ్ల కందకంల దిగినంక గూడ రూల్ కాదనే అన్నది. ముందు నువ్వు మనిషివని నిరూపించుకో, తర్వాత హక్కు ఇస్తం అన్నది న్యాయం కాదు. హక్కు ముందుగాల ఉండాలె. నిరూపించుకునే అవసరమే ఉండొద్దు.

వాల్టర్ విషయంల సాక్ష్యానికి కొదవలేదు. జనరల్ రాసిన మెచ్చుకోలు ఉన్నది. తోటి ఆఫీసర్ రాసిన ఉత్తరం ఉన్నది. నది దాటి పానాలతోని తిరిగొచ్చిన 26 మంది లెక్క ఉన్నది. విగ్రహానికి దండలేసే చేతులు గూడ మస్తుగ ఉన్నయ్. తక్కువున్నది ఒక్క సంతకం. ఆ సంతకం పెడితే చనిపోయినోనికి కొత్తగ వచ్చేదేం లేదు. కానీ ఆ రూల్ రాసింది తప్పని బ్రిటిష్ సర్కార్ మొదటిసారి కాయితం మీద ఒప్పుకున్నట్టయితది. ఇన్నేండ్లుగ రానిది ఆ ఒక్క మాటే.